నటుడు ఎన్టీఆర్ నిర్మాతగా, దర్శకుడిగా ఎలా మారారు?

1949లో ‘మనదేశం’లో చిన్న పోలీసు వేషంతో సినిమాల్లోకి వచ్చిన ఎన్టీ రామారావు, నాలుగేళ్లకే తమ్ముడు త్రివిక్రమరావుతో కలిసి సొంత బ్యానర్ మీద ‘పిచ్చి పుల్లయ్య’ (1953) తీశారు. దర్శకత్వానికి మాత్రం 1961 దాకా ఆగారు. ఆ మొదటి సినిమా ‘సీతారామ కళ్యాణం’. అందులో రాముడి వేషం హరనాథ్‌కి ఇచ్చి, తను రావణుడయ్యారు. టైటిల్స్‌లో దర్శకుడిగా తన పేరు కూడా వేసుకోలేదు!

అసలు సాహసమంటే 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు, మూడు వేషాలూ ఆయనవే. నిర్మాతా దర్శకుడూ ఆయనే. దాదాపు నాలుగు గంటల సినిమా. కొండవీటి వెంకటకవి రాసిన దుర్యోధనుడి డైలాగులు ఇప్పటికీ స్టేజీల మీద అప్పజెబుతుంటారు. దర్శకుడిగా ఆయన సత్తా ఎక్కువగా పౌరాణికాల్లోనే కనిపిస్తుందని నా అభిప్రాయం.