బర్త్ సెంటర్ పెట్టాలనుకునే అమ్మాయికి రెండు లైసెన్సులు కావాలి

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం. మా అమ్మాయి బీఎస్ఎన్ (నర్సింగ్ డిగ్రీ) చేసి రెండేళ్లుగా ఆసుపత్రిలో లేబర్ అండ్ డెలివరీ నర్సుగా పని చేస్తోంది. ఇప్పుడు మిడ్‌వైఫరీ చదివి, కొన్నేళ్ల తర్వాత సొంతంగా బర్త్ సెంటర్ పెడతానంటోంది. ఇంత చదివించింది మంత్రసాని పనికా అని వాళ్లమ్మ బాధపడుతోంది. డాక్టర్ లేకుండా కాన్పులు చేసే చోటుకి ప్రభుత్వం లైసెన్స్ ఇస్తుందా? ఏమేం కావాలి? ఎన్నేళ్లు పడుతుంది? – ఒక తండ్రి

జవాబు: నమస్కారమండీ. ముందు అమ్మగారి బాధ గురించి చెప్తాను, ఎందుకంటే అది తీరకుండా మిగతాది ఎంత చెప్పినా ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా వినరు. మన ఊళ్లలో పురుళ్లు పోసిన మంత్రసానులు చిన్నవాళ్లేమీ కాదు, వాళ్ల చేతుల్లోనే ఎన్నో తరాలు భూమ్మీద పడ్డాయి. కానీ మీ అమ్మాయి చదవబోయేది వేరు. సర్టిఫైడ్ నర్స్ మిడ్‌వైఫ్, అంటే సీఎన్ఎం, మాస్టర్స్ లేదా డాక్టరేట్ స్థాయి చదువు. 50 రాష్ట్రాల్లోనూ ఈ వృత్తికి లైసెన్స్ ఉంది, మందులు రాసే అధికారమూ ఉంది. జీతం సగటున ఏడాదికి 1,20,000 డాలర్ల పైనే ఉంటుంది. నర్సు ఉద్యోగం నుంచి ఒక మెట్టు పైకి ఎక్కుతోందే గానీ దిగడం లేదని అమ్మగారికి చెప్పండి.

బర్త్ సెంటర్ అంటే చిన్న ఆసుపత్రి అనుకుంటే మాత్రం పొరపాటు. 1975లో న్యూయార్క్‌లో మెటర్నిటీ సెంటర్ అసోసియేషన్ ఇలాంటి కేంద్రాన్ని తెరిచినప్పటి నుంచీ దీని వెనుక ఉన్న ఆలోచన ఒకటే: ఆరోగ్యంగా ఉన్న తల్లి, నెలలు నిండిన కాన్పు, కడుపులో ఒకే బిడ్డ, ఆ బిడ్డ తల కిందికి ఉండాలి. అలాంటి తల్లులకు ఇంటి లాంటి గదిలో, మిడ్‌వైఫ్ చేతుల మీదుగా సహజంగా పురుడు. అక్కడ సిజేరియన్ చేయరు, ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా నడుముకి ఇచ్చే మందు) ఇవ్వరు, నొప్పులు రావడానికి మందులు ఎక్కించరు. కవలలైతే, బిడ్డ ఎదురుకాళ్లతో ఉంటే, తల్లికి బీపీ బాగా పెరిగితే, 37 వారాలకు ముందే నొప్పులు మొదలైతే ఆసుపత్రికే వెళ్లాలి. ఎవరిని చేర్చుకోవచ్చు, ఎవరిని చేర్చుకోకూడదు అన్నది కాగితం మీద రాసిపెట్టుకోవాలి. లైసెన్స్ ఇచ్చేవాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు ముఖ్యంగా చూసేవాటిలో అదొకటి.

ఇక లైసెన్స్ సంగతి. చాలామంది ఒక్క లైసెన్స్ చాలనుకుంటారు. నిజానికి రెండు కావాలి, ఒకటి మనిషికి, ఒకటి చోటుకి.

మనిషి లైసెన్స్‌లో మీ అమ్మాయి సగం దారి వచ్చేసింది, ఆర్ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్స్ లైసెన్స్, చేతిలో ఉంది కదా. అక్రెడిటేషన్ కమిషన్ ఫర్ మిడ్‌వైఫరీ ఎడ్యుకేషన్ గుర్తింపు ఉన్న కోర్సులోనే చేరాలి, ఇందులో రాజీ పడొద్దు, ఎందుకంటే ఆ గుర్తింపు లేని కోర్సు చేస్తే అమెరికన్ మిడ్‌వైఫరీ సర్టిఫికేషన్ బోర్డు పరీక్షకి కూర్చోనివ్వరు, ఆ పరీక్ష పాస్ కాకపోతే రాష్ట్రం సీఎన్ఎం లైసెన్స్ ఇవ్వదు. మామూలుగా రెండు నుంచి మూడేళ్లు పడుతుంది. నర్సింగ్ చదవకుండానే మిడ్‌వైఫ్ అయ్యే సీపీఎం (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్) అనే దారి కూడా ఉంది, బర్త్ సెంటర్లలో వాళ్లూ పని చేస్తారు, అయితే అన్ని రాష్ట్రాలూ వాళ్లకి లైసెన్స్ ఇవ్వవు. ఆర్ఎన్ ఉన్న అమ్మాయి ఆ దారి పట్టడంలో నాకు ప్రయోజనం కనిపించడం లేదు.

చోటుకి కావలసిన లైసెన్స్ దగ్గరే అసలు చిక్కు. బర్త్ సెంటర్లకి దేశమంతటికీ ఒకే లైసెన్స్ లేదు, ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం కాన్పు సమయంలో ఇద్దరు అటెండెంట్లు ఉండాలి, లాభనష్టాలేమిటో తల్లికి నోటితోనూ చెప్పాలి, రాతలోనూ ఇవ్వాలి. ఫ్లోరిడాలో ప్రత్యేక పరిస్థితి ఉంటే తప్ప కాన్పయిన 24 గంటల్లోపు తల్లీబిడ్డల్ని ఇంటికి పంపాలి. అదే ఫ్లోరిడా 2024లో అడ్వాన్స్‌డ్ బర్త్ సెంటర్ అనే కొత్త రకాన్ని తెచ్చి సిజేరియన్లకి కూడా అనుమతించింది, అది పూర్తిగా వేరే లెక్క, మీ అమ్మాయి అనుకుంటున్నది అది కాదు.

కొన్ని రాష్ట్రాల్లో దీనికంటే ముందు ఇంకో గండం ఉంటుంది, సర్టిఫికెట్ ఆఫ్ నీడ్ అంటారు. ఈ ప్రాంతంలో ఇలాంటి కేంద్రం అవసరమే అని ప్రభుత్వానికి రుజువు చేసుకోవాలి, చుట్టుపక్కల ఆసుపత్రులు అభ్యంతరం చెప్పే అవకాశం కూడా ఉంటుంది, లాయర్ ఖర్చులు, నెలల తరబడి ఎదురుచూపులు. అందుకే నా సలహా ఏంటంటే కాలేజీ ఎంచుకోవడానికి ముందే రాష్ట్రం ఎంచుకోమనండి. మీరు అడిగిన డాక్టర్ సంగతి కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో సీఎన్ఎం తన లైసెన్స్ మీద స్వతంత్రంగా పని చేయవచ్చు, మిగతాచోట్ల ఒక డాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం ఉండి తీరాలి. అలాంటి చోట ఆ డాక్టర్ రిటైరైనా, ఒప్పందం వద్దనుకున్నా, మరొకరు దొరికేదాకా సెంటర్ తలుపులు మూసుకోవాల్సి రావచ్చు. మంచి సెంటర్ ఒక సంతకం మీద వేలాడడం నాకు నచ్చదు, అందుకే రెండు రాష్ట్రాల మధ్య ఎంచుకునే వీలుంటే స్వతంత్రంగా చేసుకోనిచ్చే రాష్ట్రమే మేలంటాను.

ఇప్పుడు మీరు రాయకపోయినా మీ మనసులో ఉన్న ప్రశ్న, ఏదైనా జరిగితే? బర్త్ సెంటర్ నడపడంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. 84 కేంద్రాల్లో 11,814 మంది తల్లుల మీద చేసిన పెద్ద అధ్యయనం 1989లో వచ్చింది, 15,574 మంది మీద ఇంకోటి 2013లో వచ్చింది. రెండో దాంట్లో ఆసుపత్రికి వెళ్లి సిజేరియన్ చేయించుకోవాల్సి వచ్చినవాళ్లు 6 శాతం. దేశం మొత్తం మీద అది 30 శాతం పైనే. కాకపోతే బర్త్ సెంటర్‌కి వచ్చేది రిస్క్ తక్కువ ఉన్న తల్లులే, కాబట్టి ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి గొప్పగా చెప్పుకోవడం సరికాదు. మీరు చూడాల్సిన అంకె వేరే ఉంది. అదే అధ్యయనంలో సెంటర్లో చేరాక, నొప్పుల మధ్యలో ఆసుపత్రికి మారినవాళ్లు 12 శాతం దాటారు. అంటే ఎనిమిది మందిలో ఒకరు! వినగానే గుండె జారుతుంది, నిజమే. కానీ వాళ్లలో ఎక్కువమంది నొప్పులు సాగక, అలసిపోయి, తీరిగ్గా మారినవాళ్లు. తల్లికో బిడ్డకో నిజంగా అత్యవసరమై పరుగులు పెట్టినవి మొత్తం మీద 1.9 శాతం.

ఆ 1.9 శాతం కోసమే మిగతా నిబంధనల్లో సగం ఉన్నాయి. కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే ఇవ్వడానికి ఆక్సిటోసిన్, సెలైన్, బిడ్డ ఊపిరి తీసుకోకపోతే వాడడానికి బ్యాగ్ అండ్ మాస్క్, ఆక్సిజన్, సక్షన్, ఇవన్నీ గదిలో చేతికందే దూరంలో ఉండాలి. అక్కడ పని చేసేవాళ్లకి నవజాత శిశువుకి ఊపిరి పోసే శిక్షణ, పెద్దవాళ్లకి గుండె ఆగితే చేసే సీపీఆర్ సర్టిఫికెట్, రెండూ గడువు దాటకుండా ఉండాలి. కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కోవడం, రక్తస్రావం లాంటివాటికి డ్రిల్ చేసి, ఎప్పుడు చేశారో, ఎవరున్నారో రాసి పెట్టుకోవాలి. అంబులెన్స్ స్ట్రెచర్ తిరగలేనంత ఇరుకు తలుపులూ నడవలూ ఉన్న బిల్డింగ్‌కి ఎంత అందంగా రంగులేసినా లాభం లేదు. ఇవన్నీ డబ్బుతో కొనుక్కోవచ్చు, నేర్చుకోవచ్చు. డబ్బుతో రానిది ఆసుపత్రితో సంబంధం. అర్ధరాత్రి రెండింటికి మీ అమ్మాయి ఫోన్ చేస్తే అవతల ఎత్తిన డాక్టర్ విసుక్కోకుండా ‘తీసుకొచ్చేయండి’ అనాలి. ఒప్పంద పత్రం ఉన్నా ఆ నమ్మకం లేకపోతే మిడ్‌వైఫ్ ‘ఇంకో అరగంట చూద్దాం’ అనుకుంటుంది, ప్రమాదం ఆ అరగంటలోనే ఉంటుంది. తను ఇప్పుడు పని చేస్తున్న లేబర్ వార్డులో ఆ పరిచయాలు సంపాదించుకునే అవకాశం ఉంది, అందుకే కోర్సు కోసం ఉద్యోగం పూర్తిగా వదిలేయొద్దని గట్టిగా చెప్తాను, వారానికి ఒకట్రెండు షిఫ్టులైనా ఉంచుకోమనండి.

డబ్బు విషయానికి వస్తే, లైసెన్స్‌ని బరువుగా చూడొద్దు, ఆదాయం వచ్చే దారి కూడా అదే. దేశంలో ఐదు కాన్పుల్లో రెండింటికి డబ్బు కట్టేది మెడికెయిడ్, అంటే ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. 2010 నాటి అఫర్డబుల్ కేర్ యాక్ట్ ప్రకారం, రాష్ట్రం లైసెన్స్ గానీ ఆమోదం గానీ ఇచ్చిన బర్త్ సెంటర్‌కి మెడికెయిడ్ ఫెసిలిటీ ఫీజు (ఆ చోటు వాడుకున్నందుకు ఇచ్చేది) కూడా చెల్లించాలి, మిడ్‌వైఫ్ ఫీజు దానికి విడిగా. ఆ గుర్తింపు లేకపోతే ఆ ఫెసిలిటీ ఫీజు అడిగే హక్కే ఉండదు. ప్రైవేటు ఇన్సూరెన్స్ కంపెనీలు చాలావరకు కమిషన్ ఫర్ ది అక్రెడిటేషన్ ఆఫ్ బర్త్ సెంటర్స్ గుర్తింపు ఉందా అని అడుగుతాయి, కొన్ని రాష్ట్రాలు కూడా దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. 1985లో మొదలైన ఈ కమిషన్ అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ బర్త్ సెంటర్స్ రాసిన ప్రమాణాలతోనే తనిఖీ చేస్తుంది. ఆ ప్రమాణాల ప్రతి సంపాదించి మీ అమ్మాయి ఇప్పుడే చదివితే, కోర్సులో ఏ పాఠం ఎందుకు చెప్తున్నారో తనకే అర్థమవుతుంది. మాల్‌ప్రాక్టీస్ ఇన్సూరెన్స్ (వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు వేస్తే ఆదుకునే బీమా) మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, అద్దె కంటే ముందు దాని కొటేషన్ తెప్పించుకోవాలి, కాన్పుకి సంబంధించిన కేసులు చాలా ఏళ్ల తర్వాత కూడా రావచ్చు కాబట్టి సెంటర్ మూసేశాక కూడా వర్తించే టెయిల్ కవరేజ్ ఎంతవుతుందో అప్పుడే అడగాలి.

చిన్నచిన్న పనులు ఇంకా ఉన్నాయి, రక్తం, మూత్రం పరీక్షలు అక్కడే చేస్తే ల్యాబ్‌లకి కావలసిన క్లియా సర్టిఫికెట్, జోనింగ్ అనుమతి, ఫైర్ తనిఖీ, రోగుల వివరాల గోప్యతకి హిపా నియమాలు. వీటికి ఇప్పటి నుంచే టెన్షన్ పడక్కర్లేదు, బిల్డింగ్ దొరికాక ఒక మంచి కన్సల్టెంట్‌తో కూర్చుంటే సర్దుకుంటాయి.

ఎన్నేళ్లన్నారు కదా. చదువుకి మూడేళ్లు అనుకోండి. తర్వాత వెంటనే సొంతం వద్దు, ఇప్పటికే నడుస్తున్న బర్త్ సెంటర్లో కనీసం మూడు నాలుగేళ్లు పని చేయాలి, అది కూడా కాన్పులు మాత్రమే చూస్తే సరిపోదు, బిల్లింగ్ ఎలా చేస్తున్నారో, తనిఖీకి ఎలా సిద్ధమవుతున్నారో పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఆ తర్వాత లైసెన్స్, బిల్డింగ్ పనులకి ఒకటి రెండేళ్లు. మొత్తం ఏడు నుంచి తొమ్మిదేళ్ల ప్రయాణం. తనకింకా చిన్న వయసే కాబట్టి నాకిది ఎక్కువ అనిపించలేదు.

ఈ వారాంతంలో ఒక పని చేయండి. మీ అమ్మాయి ఉండాలనుకుంటున్న రెండు మూడు రాష్ట్రాల ఆరోగ్య శాఖల సైట్లలో బర్త్ సెంటర్ నిబంధనలు తీసి ముగ్గురూ కలిసి చదవండి. సర్టిఫికెట్ ఆఫ్ నీడ్ ఉందా, డాక్టర్ ఒప్పందం కావాలా, ఆసుపత్రి ఎంత దూరంలో ఉండాలి అన్న మూడింటికి జవాబులు రాసుకుని నాకు పంపండి, ఏ కాలేజీకి అప్లై చేయాలో అప్పుడు మాట్లాడుకుందాం. వీలైతే దగ్గర్లోని ఏదైనా బర్త్ సెంటర్‌కి ముందుగా ఫోన్ చేసి, అమ్మగారిని కూడా తీసుకుని ఒకసారి చూసి రండి.