ముప్ఫై ఏళ్లు వాదించాక, వినే కుర్చీలోకి

ప్రశ్న: మేడమ్, నమస్కారం. ముప్ఫై ఏళ్లుగా ట్రయల్ కోర్టుల్లో సివిల్ కేసులు వాదిస్తున్నాను. ఇప్పుడు ఒక సంస్థ వాళ్ల ఆర్బిట్రేటర్ల (కోర్టు బయట రెండు పక్షాల గొడవ విని తీర్పు చెప్పేవాళ్ల) ప్యానెల్‌లో చేరమంటోంది. వ్యాపార ఒప్పందాల గొడవలు, వినియోగదారుల ఫిర్యాదులు రెండూ వస్తాయట. చట్టం తెలుసు, సాక్ష్యం చూడటం తెలుసు కాబట్టి పెద్ద కష్టం ఉండదనుకుంటున్నాను. మీరూ ఈ దారిలోనే వచ్చారు కదా, ఉన్నదున్నట్టు చెప్పండి.
- పేరు వద్దన్న ఒక లాయర్

జవాబు: చేరండి సార్, మీలాంటివాళ్లు రావాలి. సాక్షి ఎక్కడ తడబడుతున్నాడో, ఏ కాగితం గొడవ మొదలయ్యాక పుట్టిందో కోర్టులో అన్నేళ్లు నిలబడినవాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. కానీ పెద్ద కష్టం ఉండదన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

నాకు వచ్చిన మొదటి కేసుల్లో ఒకటి చెప్తాను. ఒక చిన్న కాంట్రాక్టరుకి రావాల్సిన బిల్లు బాకీ, లాయర్ని పెట్టుకునే స్తోమత లేక ఆయనే వచ్చి కూర్చున్నారు. అవతలి సాక్షిని ప్రశ్నలడుగుతున్నారు కానీ అడగాల్సిన ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నారు, అది మాత్రం దొరకట్లేదు. నేను ఆగలేక అందుకున్నాను. మూడో ప్రశ్నకి సాక్షి చిక్కాడు. నాలుగో ప్రశ్నకి అవతలి లాయర్ లేచి, "మేడమ్, మీరిప్పుడు ఎవరి తరఫున అడుగుతున్నారు?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. అర్థంకానిది తెలుసుకోవడానికి ఆర్బిట్రేటర్ ప్రశ్న వేయొచ్చు, వేయాలి కూడా, కానీ ఒకరిని గెలిపించడానికి వేస్తే అది వాదించడం అవుతుంది. అప్పట్నుంచి నోరు తెరిచే ముందు, దీనికి జవాబు ఎటు వచ్చినా నాకు ఒకటేనా అని చూసుకుంటాను. కాదనిపిస్తే అడగను. అడిగితే మాత్రం దానిమీద ఇద్దరికీ మళ్లీ ప్రశ్నించే అవకాశం ఇస్తాను.

ఇంత జాగ్రత్త ఎందుకంటే మన తప్పుని దిద్దేవాళ్లు దాదాపు ఉండరు. కోర్టులో జడ్జిగారు పొరబడితే అప్పీలుకి వెళ్లేవాళ్లం. ఇక్కడ అలా కాదు. చాలా దేశాలు తమ ఆర్బిట్రేషన్ చట్టాలు రాసుకునేటప్పుడు ముందు పెట్టుకున్నది 1985 నాటి ఐక్యరాజ్యసమితి నమూనా చట్టం. అవార్డుని, అంటే ఆర్బిట్రేటర్ ఇచ్చిన తీర్పుని, కోర్టు కొట్టేయడానికి అందులో ఇచ్చిన కారణాలు కొన్నే: ఒప్పందమే చెల్లకపోవడం, నోటీసు అందకపోవడం, తన వాదన చెప్పుకునే వీలు లేకపోవడం, అప్పగించని విషయం మీద తీర్పు చెప్పడం, ఇలాంటివి. ఆర్బిట్రేటర్ సాక్ష్యాన్ని తప్పుగా అంచనా వేశారన్నది అందులో లేదు. పైగా ఒక దేశంలో ఇచ్చిన అవార్డుని ఇంకో దేశంలో అమలు చేయించే 1958 న్యూయార్క్ ఒప్పందంలో 170కి పైగా దేశాలున్నాయి కాబట్టి మీ సంతకం ఉన్న అవార్డు సరిహద్దులు దాటి కూడా అమలవుతుంది. నేను డ్రాఫ్టు పూర్తయ్యాక రెండు రోజులు పక్కన పెట్టి, ఓడిపోయిన పక్షం కళ్లతో మళ్లీ చదువుతాను. వాళ్ల ప్రతి ముఖ్యమైన వాదనకీ జవాబు రాశానా లేదా అన్నదే చూస్తాను.

ఇంకో అపోహ కూడా ఉంది. ఆర్బిట్రేషన్ అంటే చెరిసగం పంచడం అనుకుంటారు, లాయర్లలో కూడా. అది కాదు. రాజీ కుదర్చడం మీడియేటర్ పని. మనది ఒప్పందం ప్రకారం, చట్టం ప్రకారం తేల్చే పని. మీకు ధర్మం అనిపించినట్టు తేల్చేయండి అని రెండు పక్షాలూ స్పష్టంగా చెప్తే తప్ప ఆ స్వేచ్ఛ మనకి ఉండదని ఆ నమూనా చట్టమే చెప్తోంది.

మీ విషయంలో నాకు అన్నిటికన్నా టెన్షన్‌గా ఉన్నది మీ పాత క్లయింట్ల జాబితా. కూర్చుని రాయండి, ఆఫీసులో జూనియర్లు, పార్ట్‌నర్లు చూసినవి కూడా కలిపి. లాయర్ల అంతర్జాతీయ సంఘమైన ఇంటర్నేషనల్ బార్ అసోసియేషన్, ఆర్బిట్రేటర్ ఏ పాత సంబంధాలు బయటపెట్టాలన్న దాని మీద 2004 నుంచి మార్గదర్శకాలు ఇస్తోంది, 2024లో మళ్లీ సవరించింది. గత 3 ఏళ్లలో ఒక పక్షానికి మీరు లాయరుగా ఉన్నా, అదే పక్షం మిమ్మల్ని రెండుసార్లో అంతకన్నా ఎక్కువో ఆర్బిట్రేటర్‌గా పెట్టుకున్నా ముందే బయటపెట్టాలని వాటిలో ఉంది. వినియోగదారుల కేసుల్లో ఈ రెండోది చాలా ముఖ్యం. వినియోగదారుడు జీవితంలో ఒక్కసారి వస్తాడు, కంపెనీ మళ్లీ మళ్లీ వస్తుంది. చెప్పాలా వద్దా అని అనుమానం వచ్చిందంటే చెప్పేయండి. ఫీజు పోయినా ఫరవాలేదు.

ప్రశ్న: మేడమ్, నేను కొన్న వస్తువు విషయంలో కంపెనీ మీద ఫిర్యాదు చేస్తే ఆర్బిట్రేషన్‌కి రమ్మంటున్నారు. ఆర్బిట్రేటర్ని పెట్టేదీ, ఫీజు ఇచ్చేదీ వాళ్లే. ఇక నాకేం న్యాయం జరుగుతుంది?
- ఒక పాఠకురాలు

జవాబు: మీ భయం సరైనదేనమ్మా. అసలు మీరు వెళ్లాలా వద్దా అన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. గొడవొస్తే ఆర్బిట్రేషన్‌కే రావాలని కంపెనీలు ఒప్పందంలో షరతు పెడతాయి. అమెరికాలో ఇలాంటి షరతులు చాలావరకు చెల్లుతాయి, వినియోగదారులంతా కలిసి ఒకే కేసు వేయకుండా అడ్డుకునే షరతుని కూడా 2011లో అక్కడి సుప్రీంకోర్టు సమర్థించింది. నాకది బాధగానే ఉంటుంది. యూరప్‌లో, యూరోపియన్ యూనియన్ 1993 నాటి ఆదేశం ఇలాంటి షరతుల్ని అన్యాయమైనవిగా చూడొచ్చంటుంది. మన దగ్గర, ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకుపోదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ముందు ఆ దారి చూసుకోండి.

ఒకవేళ ఆర్బిట్రేషన్‌కే వెళ్తే, ఇంతకుముందు ఈ కంపెనీ కేసులు ఎన్ని చూశారో ఆర్బిట్రేటర్ని రాతపూర్వకంగా అడగండి. అందులో మొహమాటం ఏమీ లేదు, అది మీ హక్కు. అనుమానం ఉంటే అభ్యంతరం వెంటనే పంపండి, నమూనా చట్టంలో విషయం తెలిసిన రోజు నుంచి 15 రోజులే గడువు. అభ్యంతరం పంపాను కదా అని వాయిదాకి మానేయకండి. మీరు రాకపోయినా, ఎదురుగా ఉన్న సాక్ష్యంతోనే అవార్డు రాసేయొచ్చు.