28 వేల లిఫ్ట్ కవర్‌కి 6 లక్షల లోన్ ఎందుకన్నా

సూర్యాపేట వైపు నుంచి ఒక రైతన్న రాశారు. 7 ఎకరాలు, 1998 మాసీ 1035 ట్రాక్టర్. వెనక పనిముట్లని ఎత్తే హైడ్రాలిక్ లిఫ్ట్ కవర్‌కి, లిఫ్ట్ చేతుల్ని తిప్పే క్రాస్ షాఫ్ట్ పక్కన వెంట్రుకలాగ పగులొచ్చి ఆయిల్ కారుతోందట. వెల్డింగ్‌కి 9 వేలు అడిగారు, పాత కవర్ తెచ్చి మార్చితే 28 వేలు. షోరూమ్ వాళ్ళేమో పాత బండికి లక్షా నలభై ఇస్తాం, మిగతా 6 లక్షలు ఫైనాన్స్ చేస్తాం, కొత్తది తీసుకోండి అంటున్నారు. ఏం చెయ్యాలి సార్ అని అడిగారు.

అన్నా, ముందు కొత్త బండి లెక్క చూద్దాం. 6 లక్షలు, 12 శాతం, 5 ఏళ్ళు అనుకుంటే ఆరు నెలలకోసారి దాదాపు 81,500 కట్టాలి, అంటే ఏడాదికి లక్షా అరవై మూడు వేలు, మీకు పక్కోళ్ళకి దున్ని వచ్చే కిరాయి ఏడాదికి 70 వేలని మీరే రాశారు, మిగతాది పత్తి డబ్బుల్లోంచి తియ్యాలన్నమాట. ఇంకోటి, "8 శాతమే సార్" అని ఎవరైనా అంటే అది ఫ్లాటా, అంటే కట్టేకొద్దీ అసలు తగ్గినా మొదటి మొత్తం మీదే వడ్డీ వేస్తారా అని అడగండి. 8 శాతం ఫ్లాట్ అంటే అసలు లెక్కలో 13 శాతం పైనే పడుతుంది. జీఎస్టీ 5 శాతానికి తగ్గింది కదా ఇప్పుడే కొనాలి అంటారు కూడా, తగ్గింది నిజమే, కానీ ఇంజన్ బాగున్న బండిని పగిలిన బీడు (పోత ఇనుము) ముక్క కోసం వదిలేస్తే ఆ తగ్గింపు మీకేం మిగల్చదు.

ఇక 9 వేలా, 28 వేలా. నేను మెకానిక్‌ని కాదు గానీ మా ఇంట్లో ట్రాక్టర్ ఉండేది, ఒకసారి కవర్ పగిలితే బండి మీద ఉండగానే మామూలు రాడ్డుతో అతికించేశారు, మూడు వారాలకి రోటావేటర్ ఎత్తుతుంటే టక్‌మని అదే గీత పక్కన ఇంకో గీత, మా నాన్న మొహం ఇప్పటికీ గుర్తే. బీడు ఇనుము పెళుసు, సాగదు, ఒక్కచోటే వేడెక్కి గబుక్కున చల్లారితే పక్కన చీలుతుంది. అందుకే విప్పి నూనె మొత్తం కడిగి, పగులు రెండు చివర్లా చిన్న రంధ్రం వేసి, గాడి తీసి, మొత్తం వేడి చేసి నికెల్ రాడ్డుతో అంగుళం అంగుళం పెట్టి, తర్వాత బూడిదలోనో ఇసుకలోనో కప్పి మెల్లగా చల్లారనివ్వాలి. 9 వేలు అడిగినాయన ఇవన్నీ చేస్తాడా అడగండి, "అవసరం లేదన్నా" అంటే వచ్చెయ్యండి.

దానికంటే ముందు మీరే ఒక పని చెయ్యండి. ఆ చోటు శుభ్రంగా తుడిచి కిరోసిన్ రాసి పది నిమిషాలుంచి, పొడిగుడ్డతో తుడిచి చాక్‌పీస్ రుద్దండి. లోపలికెళ్ళిన కిరోసిన్ బయటికి ఊరి గీత తడిగా కనిపిస్తుంది, ఎక్కడిదాకా పోయిందో తెలిసిపోతుంది. గీత అంచులోనే ఆగితే వెల్డింగ్ చాలు. షాఫ్ట్ బుష్ కూర్చునే చోటికో సిలిండర్ బోల్టులు దిగే చోటికో పోతే వెల్డింగ్‌కి రూపాయి కూడా పెట్టొద్దు, బరువంతా పడేది అక్కడే, కవర్ మార్చడమే. మీరు రాసిన చోటు చూస్తే నాకు మార్చడమే తప్పదనిపిస్తోంది. పాత కవర్ కోసం విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్ళినా ఆ చాక్‌పీస్ జేబులో వేసుకెళ్ళండి, కొత్తగా రంగేసిన కవర్‌ని ఇంకాస్త అనుమానంగా చూడండి.

డబ్బు ఎక్కడిది అంటే, నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవద్దు. కిసాన్ క్రెడిట్ కార్డు లిమిట్ వేసేటప్పుడే పంట ఖర్చు మీద ఇంకో 20 శాతం వ్యవసాయ సామాన్ల రిపేర్లు, మెయింటెనెన్స్ కింద కలుపుతారు, ఈ సంగతి చాలామందికి తెలీదు, బ్యాంకోళ్ళూ పని గట్టుకుని చెప్పరు. 3 లక్షల లోపు టైముకి కట్టేస్తే 4 శాతమే. 28 వేలకి ఏడాది వడ్డీ 1,120 రూపాయలు, బయట తెస్తే 6,720.

మార్చాక రోటావేటర్‌ని గాల్లో వేలాడేసుకుని గతుకుల రోడ్డు మీద స్పీడ్‌గా పోనివ్వకండి, ముఖ్యంగా కిరాయికి పంపే డ్రైవర్ కుర్రాడికి చెప్పండి, పనిముట్టు పక్కలకి ఊగకుండా పట్టే చెక్ చైన్లు వదులుగా ఉంటే బిగించండి. కార్డు రెన్యువల్ డేట్ ఎప్పుడో కూడా రాయండి, దగ్గర్లో ఉంటే ముందు పాతది కట్టి లిమిట్ పెంచుకునే దారి చూద్దాం.