పెళ్లి డబ్బుతో పసుపు వజ్రం కొనవచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. మా అమ్మాయి పెళ్లికి ఇంకా అయిదేళ్లు ఆగుదామనుకుంటున్నాం. దాని కోసం దాచిన బ్యాంకు డిపాజిట్ గడువు ఈ నెల తీరింది. తెలిసిన నగల వ్యాపారి ఒకరు సహజమైన పసుపు వజ్రపుటుంగరం చూపించి, పది లక్షలకు ఇస్తానంటున్నారు. గనులు మూతపడుతున్నాయి కాబట్టి అయిదేళ్లలో ధర రెట్టింపవుతుందట. జీఐఏ అనే అమెరికా రత్నపరీక్ష సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉంది. అందులో రంగు దగ్గర ‘డబ్ల్యూ–ఎక్స్ రేంజ్’ అని రాసి ఉంది. కొనమంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: వద్దండి. సర్టిఫికెట్‌లోని ఆ మాటను మీరు రాయడం మంచిదైంది, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది.

మామూలు వజ్రాల రంగును జీఐఏ ‘డి’ నుంచి ‘జెడ్’ వరకు అక్షరాలతో కొలుస్తుంది. ‘డి’ అంటే ఏ రంగూ లేనిది. ‘జెడ్’ వైపు వెళ్లేకొద్దీ పసుపో గోధుమ ఛాయో పెరుగుతుంది, విలువ తగ్గుతుంది. ‘జెడ్’ దాటాక లెక్క తలకిందులవుతుంది. అక్కడి నుంచి రంగు ఎంత గాఢంగా ఉంటే అంత ధర. ఆ రాళ్లకు అక్షరాలు ఉండవు. ఫ్యాన్సీ లైట్, ఫ్యాన్సీ, ఫ్యాన్సీ ఇంటెన్స్, ఫ్యాన్సీ వివిడ్ వంటి పేర్లు ఉంటాయి. మీకు చూపించిన రాయి ఆ గీత దాటలేదు. తెల్ల వజ్రాల వరుసలో చివరికి దగ్గరగా ఉన్న రాయిని మీకు అరుదైన రంగు వజ్రంగా చూపిస్తున్నారు. ఆయన అబద్ధమేమీ ఆడలేదు. రాయి సహజమైనదే, కంటికి పసుపుగానే కనిపిస్తుంది. పసుపు బంగారంలో పొదిగితే మరికాస్త ముదురుగా కనిపిస్తుంది కూడా. నమ్మకం కుదరకపోతే రాయిని ఉంగరం నుంచి తీయించి, తెల్ల కాగితం మీద పెట్టి పగటి వెలుగులో చూడండి.

నిజమైన ఫ్యాన్సీ రాయినే చూపించినా సర్టిఫికెట్‌లో మరో రెండు చోట్ల చూపు ఆగాలి. రంగు పేరులో చివరి మాటే అసలు రంగు. ‘బ్రౌనిష్ ఎల్లో’ అంటే గోధుమ ఛాయ కలిసిన పసుపు. ఆ ఛాయ కలిసిందంటే స్వచ్ఛమైన పసుపు ధర దానికి సాధారణంగా రాదు. రెండోది, రంగు ఎలా వచ్చిందన్న వరుస. గనిలో దొరికిన వజ్రానికే రేడియేషన్‌తోనో, అధిక పీడనం, ఉష్ణోగ్రతలతోనో రంగు తెప్పించవచ్చు. అందుకే రాయి సహజమైనదని చెబితే చాలదు, రంగు కూడా సహజమైనదని అక్కడ రాసి ఉండాలి. ఇక ప్రయోగశాలలో పెంచిన పసుపు వజ్రాలు చాలా తక్కువ ధరకే దొరుకుతున్నాయి. రాయి అంచున లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటే దాన్ని భూతద్దంలో చూసి, జీఐఏ వెబ్‌సైట్‌లోని వివరాలతో సరిపోల్చుకోండి.

గనుల మాటకొస్తే, ఎక్కువగా వినిపించే పేరు పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని. అది 2020 నవంబరులో మూతపడింది. ప్రపంచంలోని గులాబీ వజ్రాల్లో 90 శాతానికి పైగా అక్కడి నుంచే వచ్చేవి. అది గులాబీ రాళ్ల కథ. పసుపు రంగు నైట్రోజన్ వల్ల వస్తుంది. గోధుమ రంగును పక్కన పెడితే రంగు వజ్రాల్లో ఎక్కువగా దొరికేది పసుపే. గోల్కొండ పేరు కూడా తెచ్చే ఉంటారు, మన ప్రాంతంలో అది తప్పదు! కృష్ణా తీరంలోని కొల్లూరు నుంచే 45.52 క్యారెట్ల హోప్ నీలి వజ్రం వెళ్లిందని చరిత్రకారులు భావిస్తారు. అది ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. ఆ ఘనతలో మీ ఉంగరానికి వాటా లేదు.

అరుదైన రాయికి కూడా అమ్మబోయిన రోజున కొనేవారు కావాలి. 59.60 క్యారెట్ల ‘పింక్ స్టార్’ 2013లో జెనీవా వేలంలో సుమారు 8.3 కోట్ల డాలర్లు పలికింది. పాడుకున్న వ్యక్తి డబ్బు కట్టలేకపోయారు. అదే రాయి 2017లో హాంకాంగ్‌లో సుమారు 7.1 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. అంత పేరున్న రాయి పరిస్థితే అది.

ఇప్పుడు మీ లెక్క. ఉంగరం కాబట్టి 3 శాతం జీఎస్టీ, పైన మజూరీ. ఇవి తిరిగి రావు. దుకాణం తన లాభం మినహాయించి, ఆనాటి అమ్మకం ధరలో 80 శాతం ఇస్తుందని అనుకుందాం. ఇది ఉదారమైన అంచనాయే. మీ చేతికి 20 లక్షలు రావాలంటే అప్పటికి దుకాణంలో ధర 25 లక్షలు ఉండాలి. అంటే ఏటా సుమారు 20 శాతం చొప్పున పెరగాలి. రెండేళ్లు దాటాక అమ్మితే లాభంపై 12.5 శాతం పన్ను, సెస్సు అదనం. బంగారానికి రోజూ రేటు ప్రకటిస్తారు, రంగు వజ్రానికి అలాంటి రేటు లేదు. బంగారం తాకట్టు పెట్టినప్పుడు కూడా రాళ్ల బరువు తీసేసే అప్పు ఇస్తారు.

‘తిరిగి కొంటాం’ అన్న హామీని కాగితం మీద అడగండి. నగదు ఇస్తారా, వేరే నగకు మార్పిడి మాత్రమేనా? బిల్లు ధర మీదా, ఆనాడు వాళ్లు కట్టే ధర మీదా? ఇంకా సులువైన పద్ధతి ఉంది: ఈ ఉంగరాన్ని రేపే వెనక్కి తెస్తే నగదుగా ఎంత ఇస్తారో అడగండి. ఆ సమాధానం విన్నాక నా సలహా మీకు అక్కర్లేకపోవచ్చు.

పెళ్లికి ఎలాగూ నగలు చేయించాలి కాబట్టి ఆ మేరకు గోల్డ్ ఈటీఎఫ్‌లో (షేర్లలాగే కొనుక్కునే బంగారం ఫండ్) కొంచెం కొంచెంగా కొనండి. మిగతా మొత్తాన్ని మళ్లీ డిపాజిట్‌లోనో, అయిదేళ్ల గడువుండే పోస్టాఫీసు ఎన్‌ఎస్‌సీలోనో (జాతీయ పొదుపు పత్రం) వేయండి. పసుపు వజ్రం మీద మనసు పడి ఉంటే అదీ తప్పు కాదు. చిన్నదైనా ‘ఫ్యాన్సీ’ అని రాసి ఉన్న రాయిని ఎంచుకుని, ఇంటి ఖర్చులు పోను మీరు సరదాలకు కేటాయించుకునే డబ్బుతో కొనుక్కోండి. బిల్లులో సర్టిఫికెట్ నంబరు వేయించుకుని, చెల్లింపు బ్యాంకు ద్వారానే చేయండి.