నల్ల గీత దగ్గరే చిరుగుతోందెందుకు?

ప్రశ్న: మా అమ్మమ్మ నాటి కలంకారీ తెర ఒకటుంది, రామాయణ ఘట్టాలతో. ఏళ్ళుగా బీరువాలో మడతపెట్టి ఉంచాం. ఇప్పుడు తీస్తే నల్ల గీతల వెంబడి బ్లేడుతో కోసినట్టు చిరుగుతోంది. ఎరుపు ఉన్నచోట గట్టిగానే ఉంది. ఉతికి, గంజి పెట్టి దేవుడి గదిలో వేలాడదీయొచ్చా? కాకతీయుల నాటి బట్టలు ఎక్కడైనా మిగిలాయా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఉతకకండమ్మా. గంజి, ఇస్త్రీ కూడా వద్దు.

తప్పు నేతది కాదు, నలుపుది. బట్టను ముందు కరక్కాయ పొడి, గేదె పాలలో నానబెడతారు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రెండు మూడు వారాలు పులియబెట్టిన నీళ్ళతో దాని మీద గీస్తే, కరక్కాయ వగరుతో ఇనుము కలిసి నల్లబడుతుంది. ఆ ఇనుమే, తేమ తగిలినకొద్దీ నూలుపోగును లోపలినుంచి తినేస్తుంది. ఎరుపుకి వాడేది పటిక, చిరువేరు అనే ఎర్రరంగు వేరు; ఇనుము కాదు. అందుకే అక్కడ పోగు నిలిచింది. భూతద్దంతో చూడండి: నలుపు గోధుమరంగుకి తిరిగి, అంచున పొడి రాలుతుంటే ఆ చోటు చెయ్యి తగిలినా ఆగదు. బొమ్మల కింద తెలుగు అక్షరాలుంటే వాటిని ఇప్పుడే ఫొటో తీసుకోండి. సన్నటి గీతలు కాబట్టి ముందు పోయేవి అవే. ఉతికితే నీళ్ళతోపాటు ఇనుము పక్కనున్న బట్టలోకి పాకుతుంది.

గంజి లేని, చాలాసార్లు ఉతికిన పాత పంచె పరిచి, తెరను దాని మీద బొమ్మ కిందికి ఉండేలా వెయ్యండి. నాలుగంగుళాల లావు గొట్టానికి తెల్ల నూలుగుడ్డ చుట్టి, దాని మీద పంచెతో సహా వదులుగా చుట్టండి. బొమ్మ బయటివైపుకే రావాలి. లోపలికి ఉంటే ముడత పడేది బొమ్మే. పైన మరో నూలుగుడ్డ చాలు. ప్లాస్టిక్ కవరు వేస్తే మన ఉక్కపోతకి లోపల చెమ్మ పడుతుంది. చిరుగుకి సెల్లోటేపు, ఫెవికాల్ పెట్టకండి. ఆ పని పాత వస్త్రాలు బాగుచేసే నిపుణులదే. దీపం పొగ, నూనె తగిలే దేవుడి గది దీనికి సరికాదు. శ్రీరామనవమినాడు బల్లమీద పరిచి చూసుకుని, మళ్ళీ చుట్టేయండి.

ఇక రెండో ప్రశ్న. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో ఓడవర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. ఆ సీమ సన్నబట్టను మార్కో పోలో సాలెగూడుతో పోల్చాడు. అంత పేరున్నా, ఈ తేమలో నూలు నిలవదు. మధ్యయుగపు గుజరాతు అద్దకం ముక్కలు దొరికింది ఈజిప్టులోని ఫుస్తాత్‌లో, పొడినేల పుణ్యాన. మనవైపు పాత నమూనాలు చూడాలంటే లేపాక్షి వెళ్ళండి. 16వ శతాబ్దపు కప్పు చిత్రాల్లో స్త్రీల చీరలు ఒకదాన్ని పోలినది మరొకటి లేదు: చారలు, గళ్ళు, పూలు, హంసలు. మెడ నొప్పెడుతుంది, చిన్న అద్దం తీసుకెళ్ళండి.