బెంగళూరులో సీపీ ఉన్న బాబుకు ఇన్ని విభాగాల వైద్యాన్ని కలిపి చూసేవారు ఎవరు?

మీ బాబుకు నాలుగేళ్లు, సెరిబ్రల్ పాల్సీతో (సీపీ, అంటే చిన్నతనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమవడం) పాటు ఫిట్స్ కూడా ఉన్నాయి, అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి ఐదు చోట్లకు తిరుగుతున్నా ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియడం లేదు అని రాశారు. వీటన్నిటినీ కలిపి చూసే మనిషి ఎవరని అడిగారు. మాది హిందూపురం, ఇప్పుడు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. పాపకు పదకొండేళ్లు, తనకూ ఈ రెండూ ఉన్నాయి.

చాలా చోట్ల ఆ మనిషి ఉండరండి. మనమే అడిగి కుదుర్చుకోవాలి. నాకు ఇది తెలిసొచ్చేసరికి పాప చాలా బాధపడింది.

తనకు ఐదేళ్లప్పుడు ఒక ఆసుపత్రిలో ఫిట్స్ కోసం క్లోబజామ్ డోసు పెంచారు. అదే వారం ఇంకో ఆసుపత్రిలో కాళ్ల బిగుతు తగ్గాలని బాక్లోఫెన్ మొదలుపెట్టారు. రెండూ మత్తు కలిగించే మందులే. రెండు చీటీలూ నా బ్యాగులోనే ఉన్నాయి. వాళ్లు అడగలేదు, నేను చూపించలేదు. పాప మెడ నిలపడం మానేసింది, ముద్ద నోట్లో ఉండగానే నిద్రపోయేది. జబ్బు ముదిరిందనుకుని మూడు వారాలు ఏడ్చాం. చివరికి పట్టుకున్నది ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. "కొత్త మందు ఏమైనా ఇస్తున్నారా అక్కా?" అని అడిగింది. ఆ రాత్రే రెండూ ఆపేద్దామన్నారు మా ఆయన. అలా ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ పెరగొచ్చు, డాక్టరును అడగకుండా ఆపొద్దని ఆ అమ్మాయే గట్టిగా చెప్పింది. డాక్టరు డోసులు మెల్లగా సరిచేశాక పాప మళ్లీ తల నిలిపింది.

అప్పటినుంచి ఒకే ఒక్క కాగితం నా దగ్గర ఉంటుంది. అందులో పాప బరువు (పిల్లలకు డోసు బరువును బట్టే కదా), ప్రతి మందు పేరు, డోసు, రాసిన డాక్టరు, మొదలుపెట్టిన తేదీ, చివరిసారి ఫిట్స్ వచ్చిన రోజు, ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఏం చేయమన్నారో అన్నీ ఉంటాయి. ఏది మారినా ఆ రోజే తిరగరాస్తాను. డాక్టరు గదిలో కూర్చోగానే ముందు అదే ఇస్తాను. లావుపాటి ఫైలు తిరగేసే తీరిక ఓపీలో ఎవరికీ ఉండదు, ఒక పేజీ మాత్రం అందరూ చదువుతారు.

రెండోది, పిల్లల ఎదుగుదల చూసే డాక్టరును ఒకరిని ఎంచుకుని "మీరే మాకు ముఖ్య డాక్టరుగా ఉంటారా, మిగతావాళ్ల చీటీలన్నీ మీకే చూపిస్తాను" అని నోరు తెరిచి అడగండి. నేను అడగడానికి రెండేళ్లు మొహమాటపడ్డాను, ఆమె మాత్రం వెంటనే సరేనన్నారు. కోరమంగలలో సెయింట్ జాన్స్ ఆసుపత్రి యూనిట్ ఆఫ్ హోప్‌లో రకరకాల నిపుణులు ఒకేచోట చూస్తారు. ఇందిరానగర్‌లో స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటకలో థెరపీ, చదువు రెండూ ఉన్నాయి. పెద్ద ఆసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్ అని ఒకరుంటారు. కాగితాల పనికి, ఖర్చులకు దారి చూపేది వాళ్లే. అడగనివాళ్లకు వాళ్లున్నారన్న సంగతే తెలియదు.

కాగితాల సంగతికొస్తే, మీ దగ్గర సదరం (మన రాష్ట్రంలో ఇచ్చే వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ ఉన్నా, కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీ తీసుకోండి, అది దేశమంతటా చెల్లుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద చాలా సౌకర్యాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా సీపీ పిల్లలకు ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంది, థెరపీ ఖర్చులు కూడా అందులోకి వస్తాయి. బడికి తొందర లేదు. ఆరేళ్లు వచ్చాక పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు ఆ చట్టం ఇచ్చిన హక్కే.

చివర్లో మీరు మామూలుగా రాసిన మాట ఒకటి నన్ను కలవరపెట్టింది. బాబు అన్నం తినేటప్పుడు, నీళ్లు తాగేటప్పుడు దగ్గుతున్నాడన్నారు. స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు నేర్పేవారే అనుకుంటాం, మింగడం సరిగ్గా ఉందో లేదో చూసేది కూడా వాళ్లే. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. మిగతావన్నీ నెమ్మదిగా చూసుకోవచ్చు, దీనికి మాత్రం ఈ వారమే వెళ్లండి. అప్పటిదాకా పడుకోబెట్టి ఏదీ తాగించకండి.