టెక్ సందేహాలు: స్పీకింగ్ టెస్టుకు ముందు మీ గొంతు మీరే వినండి

ప్రశ్న: ఐఈఎల్‌టీఎస్ పరీక్ష (విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష) ఇంకా నెల రోజులే ఉంది. చదవడం, రాయడం పర్వాలేదు కానీ మాట్లాడమంటే నోరు ఎండిపోతుంది. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. స్పీకింగ్‌కి మంచి యాప్ ఏదైనా చెప్పండి. డబ్బు కట్టేదైనా సరే. (ఒక పాఠకురాలు, గుంటూరు)

డబ్బు కట్టే ముందు మీ ఫోన్‌లో ఉన్న వాయిస్ రికార్డర్ తెరవండి. ఈ నెల రోజులకు అంతకంటే బాగా పనికొచ్చేది నాకు తెలిసి మరొకటి లేదు.

స్పీకింగ్ టెస్ట్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి భాగంలో మీ ఊరు, చదువు, అలవాట్ల గురించి అడుగుతారు. మూడో భాగం కాస్త లోతైన చర్చ. చాలామందికి కాళ్లు వణికేది మధ్యలో ఉన్న రెండో భాగం దగ్గరే. చేతికి ఒక కార్డు ఇస్తారు, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇస్తారు, ఆ తర్వాత రెండు నిమిషాల దాకా మీరొక్కరే మాట్లాడాలి. ఇంట్లో మాట్లాడేవాళ్లు లేరని బాధపడుతున్నారు కానీ, ఈ భాగం ప్రాక్టీస్ చేయడానికి అసలు ఎదుటి మనిషే అక్కర్లేదు.

ఈ రాత్రికే మొదలుపెట్టండి. ‘ఈమధ్య మీరు ఎవరికైనా సాయం చేసిన సందర్భం’ అనే టాపిక్ తీసుకోండి. టైమర్‌లో ఒక నిమిషం పెట్టి, కాగితం మీద నాలుగు మాటలు రాసుకోండి. తర్వాత రికార్డర్ నొక్కి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడండి. తప్పు దొర్లినా వెనక్కి వెళ్లొద్దు. అయిపోగానే వినండి. మొదటిసారి అది మీ గొంతులాగే ఉండదు. మాట్లాడేటప్పుడు మన గొంతు తల ఎముకల గుండా కూడా మన చెవికి చేరుతుంది. రికార్డింగ్‌లో ఆ భాగం ఉండదు కాబట్టి పలచగా, పరాయిగా అనిపిస్తుంది. అందరికీ అంతే. రెండు రోజుల్లో అలవాటైపోతుంది.

రెండోసారి వినేటప్పుడు పెన్ను పట్టుకోండి. ‘యాక్చువల్లీ’ అన్నప్పుడల్లా ఒక గీత, ‘ఆ...’ అని సాగదీసినప్పుడల్లా ఒక గీత. తర్వాత మాటల చివర్లు గమనించండి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, మనకు తెలియకుండానే ఇంగ్లిష్ మాటకీ చివర ఒక ‘ఉ’ తగిలిస్తాం. బుక్ కాస్తా బుక్కు అవుతుంది, బస్ బస్సు అవుతుంది. మాట్లాడేటప్పుడు ఇది చెవికి తగలదు, రికార్డింగ్‌లో మాత్రం ఠక్కున దొరికిపోతుంది. ఇప్పుడు అదే టాపిక్ మళ్లీ రికార్డ్ చేయండి. ఆపైన మూడోసారి. రోజుకో కొత్త టాపిక్ మీదకు దూకేవాళ్లకంటే, ఒకే టాపిక్ మూడుసార్లు మాట్లాడి మూడూ విన్నవాళ్లే త్వరగా బాగుపడతారని నా గట్టి నమ్మకం.

యాస గురించి మాత్రం టెన్షన్ వద్దు. ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదాల ఎంపిక, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటికీ సమానంగా మార్కులుంటాయి. ఉచ్చారణలోనూ చూసేది ఎదుటివారికి తేలిగ్గా అర్థమవుతోందా అన్నదే. తెలుగు యాస ఉన్నంత మాత్రాన మార్కులు కోయరు. అమెరికన్ యాస తెచ్చిపెట్టుకుంటే మాత్రం మాట తడబడుతుంది, ఉన్న ధారాళం కూడా పోతుంది.

మూడో భాగానికి ప్రశ్నలడిగే మనిషి కావాలి. అక్కడ మనతో మాటల్లోనే సంభాషించే ఏఐ యాప్‌లు, అంటే చాట్‌జీపీటీ వాయిస్ మోడ్, జెమినీ లైవ్ పనికొస్తాయి. మొదలుపెట్టే ముందే వాటికి ఇలా చెప్పండి: ఒక్కోసారి ఒక్క ప్రశ్నే అడుగు, మధ్యలో దిద్దొద్దు, తప్పులన్నీ చివర్లో చెప్పు. ఇది చెప్పకపోతే ప్రతి జవాబుకీ ‘అద్భుతం’ అని పొగుడుతూ కూర్చుంటాయి. అవి ఇచ్చే ఐఈఎల్‌టీఎస్ మార్కు, అంటే బ్యాండ్ స్కోర్‌ను మాత్రం దయచేసి నమ్మకండి. మనం తప్పుగా పలికినా, సందర్భాన్ని బట్టి సరైన మాటగానే అర్థం చేసుకునేలా వాటిని తయారుచేశారు. ఎగ్జామినర్ చెవి అలా పనిచేయదు.

ప్రశ్న: గూగుల్ డాక్స్ వాయిస్ టైపింగ్‌లో నేను మాట్లాడిందంతా కరెక్ట్‌గానే పడుతోంది. అంటే నా ఉచ్చారణ బాగున్నట్టేనా? (వరంగల్ పాఠకుడు)

సగం మాత్రమే. వాయిస్ టైపింగ్ ముందు వెనక మాటలు చూసి ఊహిస్తుంది. ‘ఊ’, ‘ఆ’ లాంటివాటిని చాలావరకు వదిలేస్తుంది కాబట్టి, తడబాటు మీకు కనపడదు. వాక్యాలు కాకుండా విడి మాటలు చెప్పి చూడండి. పడమరకి ఇంగ్లిష్ మాట, లోపల వేసుకునే బనియన్‌కి ఇంగ్లిష్ మాట తెలుగులో రాస్తే రెండూ ‘వెస్ట్’ అనే రాస్తాం, పలకడం కూడా ఒకేలా పలుకుతాం. ఇంగ్లిష్‌లో పడమర అనేటప్పుడు పెదాలు గుండ్రంగా ముందుకు రావాలి, బనియన్ అనేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలాలి. రెండూ మార్చి మార్చి పదిసార్లు చెప్పండి. స్క్రీన్ మీద ప్రతిసారీ ఒకే మాట పడుతుంటే, పని చేయాల్సింది అక్కడే.

ప్రశ్న: పీటీఈ (ఐఈఎల్‌టీఎస్ లాంటిదే, కంప్యూటర్ మీద రాసే ఇంగ్లిష్ పరీక్ష) మాక్ టెస్ట్ ల్యాప్‌టాప్‌లో రాస్తున్నాను. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే నా గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది, స్పీకింగ్ స్కోరు పడిపోతోంది. తప్పు నాదా, ఇయర్‌బడ్స్‌దా? (విశాఖపట్నం నుంచి)

గొంతు అలా వినపడటానికి కారణం బ్లూటూతే. పాటలు వినేటప్పుడు ఇయర్‌బడ్స్ మంచి క్వాలిటీలో పనిచేస్తాయి. మైక్ ఆన్ అయిన మరుక్షణం చాలావరకు ఫోన్ కాల్స్ కోసం చేసిన పాత పద్ధతికి మారిపోతాయి. అందులో గొంతులోని సన్నని ధ్వనులు తెగిపోతాయి. ‘స’, ‘ష’, ‘ఫ’ లాంటివి ముందుగా దెబ్బతింటాయి. పీటీఈలో మీ మాటను వినేది ప్రధానంగా కంప్యూటరే కాబట్టి, మాక్ టెస్టులో వచ్చే తక్కువ స్కోరుకి ఇది కూడా ఒక కారణం కావచ్చు.

మైక్ ఉన్న మామూలు వైర్ హెడ్‌సెట్ వాడండి. పెట్టాక విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి, ఇన్‌పుట్ దగ్గర ఆ హెడ్‌సెట్టే ఎంపికై ఉందో లేదో చూసుకోండి. వైర్ పెట్టినా ల్యాప్‌టాప్ సొంత మైకే పనిచేస్తుండటం తరచూ జరిగేదే. మైక్ నోటికి ఎదురుగా కాకుండా గడ్డం పక్కన, రెండు వేళ్ల ఎడంలో ఉంచండి. లేదంటే ఊపిరి శబ్దం మాటల మీద పడుతుంది.

పీటీఈలో మూడు సెకన్లకు మించి ఆగితే రికార్డింగ్ ఆగిపోతుంది. మాట తోచకపోయినా వాక్యం ఆపకండి. పరీక్ష రోజు సెంటర్‌లో వాళ్లే హెడ్‌సెట్ ఇస్తారు, మొదట్లో మీ గొంతు రికార్డ్ చేసి వినే అవకాశం ఉంటుంది. గరగరమంటే అప్పుడే చెయ్యెత్తి చెప్పండి. అదే గదిలో మిగతావాళ్లు కూడా ఒకేసారి మాట్లాడుతుంటారు. దానికి అలవాటుపడాలంటే ఈ వారం నుంచే, పక్క గదిలో టీవీ గట్టిగా పెట్టించి మరీ మాక్ టెస్టులు రాయండి.